గాయపడిన జవానుకు ఆట కూడా మందే

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన విషయం "వికలాంగులైన మాజీ సైనికుల క్రీడలకు ప్రభుత్వ సహాయం". ఇదేం విషయమండీ అని కొందరికి అనిపించవచ్చు. కాలు పోయినవాడికి పింఛను కావాలి, పిల్లలకు చదువు కావాలి, తల దాచుకోను ఇల్లు కావాలి. ఆటలెందుకు? అవి కడుపు నిండినవాళ్ళ ముచ్చట కదా అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ప్రసంగం సారాంశం. గాయపడిన జవానుకు ఆట ముచ్చట కాదు, మందు. మందు ఖర్చు సర్కారుదైనప్పుడు ఆట ఖర్చు కూడా సర్కారుదే. అది ఖైరాతు కాదు, బాకీ.

ఈ మాట మొదట రుజువు చేసినవాడు ఒక డాక్టరు. పేరు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లర్ పాలనలో అక్కడ బతకలేక 1939లో ఇంగ్లండు చేరుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1944లో స్టోక్ మాండివిల్ ఆస్పత్రిలో ఒక ప్రత్యేక విభాగం తెరిచి, దానిని ఆయన చేతిలో పెట్టింది. అంతకు ముందు నడుము కింద చచ్చుబడిన సైనికుని మంచం మీద పడుకోబెట్టి వదిలేసేవారు. వీపున పుండ్లు పడి, మూత్రంలో చీము చేరి చాలామంది కొద్ది కాలానికే చనిపోయేవారు. గుట్‌మన్ వాళ్ళను మంచం మీదనుంచి లేపి కూర్చోబెట్టాడు. చేతికి విల్లు ఇచ్చాడు, బంతి ఇచ్చాడు.

విల్లు ఎందుకు? ఇందులో కిటుకు ఉంది. కాళ్ళు లేనివాడికి భుజాలూ చేతులే కాళ్ళు. మంచం మీదనుంచి కుర్చీలోకి జరగాలన్నా, కుర్చీలోనుంచి స్నానాలగదికి వెళ్ళాలన్నా ఆ బలమే ఆధారం. విల్లు లాగితే భుజం గట్టిపడుతుంది, నడుము నిలుపు తెలుస్తుంది. వ్యాయామం చెయ్యవయ్యా అంటే రెండు రోజులు చేసి మానేస్తాడు. పందెం అంటే రోజూ వస్తాడు. 1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, ఆ ఆస్పత్రి ఆవరణలో 16 మంది గాయపడిన సైనికులు, వారిలో ఇద్దరు స్త్రీలు, విలువిద్యలో పోటీపడ్డారు. 1960లో రోములో జరిగిన మొదటి పారాలింపిక్స్‌కు ఆ చిన్న పోటీయే బీజం.

ఇక మన దేశం సంగతి. మురళీకాంత్ పేట్కర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. సాంగ్లీ జిల్లావాడు. సైన్యంలో ఈ.ఎం.ఇ. విభాగంలో జవాను. మన సికింద్రాబాదు ఈ.ఎం.ఇ.లో బాక్సింగ్ ఆడినవాడు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి వికలాంగుడయ్యాడు. డాక్టర్లు చికిత్సలో భాగంగా ఈత కొట్టమన్నారు. మందుగా మొదలైన ఆ ఈతే ఆయనను 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్ దాకా తీసుకుపోయింది. 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. పారాలింపిక్స్‌లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం.

అప్పట్లో ఆయన ప్రయాణానికి క్రికెటర్ విజయ్ మర్చంట్ నడిపిన స్వచ్ఛంద సంస్థ తోడ్పడిందని చెప్తారు. సర్కారు ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది 2018లో. అంటే 46 ఏళ్ళ తరువాత! పతకం తెచ్చినవాడికే ఇంత ఆలస్యమైతే, పతకం తేని మామూలు జవాను గతి ఏమిటో మీరే ఆలోచించండి.

అయితే సర్కారు ఏమీ చెయ్యలేదనడం న్యాయం కాదు. పుణెలో సైన్యం వారి కృత్రిమ అవయవ కేంద్రం 1944 నుంచీ ఉంది. అక్కడే ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల పునరావాస కేంద్రం 1974లో ఏర్పడింది. తరువాత మొహాలీలో ఇంకొకటి వచ్చింది. ఈ రెండింటికీ సాయుధ దళాల పతాక నిధి నుంచి కేంద్రీయ సైనిక బోర్డు గ్రాంటు ఇస్తుంది. ఏటా డిసెంబరు 7న మనం చిన్న జెండా కొని వేసే డబ్బు ఉన్నదే, అదే ఈ నిధి. ఆ రూపాయి ఎక్కడికి పోతుందని అడిగే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

2017లో సైన్యం పుణెలోనే వికలాంగ సైనికుల క్రీడా శిక్షణకు ఒక ప్రత్యేక కేంద్రం పెట్టింది. నాగాలాండ్‌కు చెందిన హొకాటో సెమా కథ చూడండి. 2002లో కశ్మీరు సరిహద్దున మందుపాతర పేలి కాలు పోయింది. చాలా ఏళ్ళ తరువాత పుణెలో ఒక సైనికాధికారి ఆయన దేహదారుఢ్యం చూసి, షాట్‌పుట్ పట్టమని ప్రోత్సహించారు. అప్పటికి ఆయనకు 32 ఏళ్ళు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 14.65 మీటర్లు విసిరి కాంస్య పతకం తెచ్చాడు. అప్పటికి వయస్సు 40. కేంద్ర ప్రభుత్వం కాంస్య విజేతలకు 30 లక్షలు ఇచ్చింది. సంతోషమే. కాని నేను ఎక్కువ విలువ కట్టేది ఆ 30 లక్షలకు కాదు, "నువ్వు విసరగలవు" అన్న అధికారి మాటకు. ఆ మాట వెనుక గుండు ఉంది, కోచ్ ఉన్నాడు, కూర్చుని విసరడానికి నేలకు బిగించిన కుర్చీ ఉంది. మాటకు ఇవన్నీ తోడైతేనే సహాయం అనాలి.

ఇప్పుడు లోటు ఎక్కడో చెప్తాను. అలాంటి కేంద్రాలకు చేరేది పతకం ఆశ ఉన్నవారు. మిగిలినవారు పింఛను పుస్తకం తీసుకుని సొంత ఊరు వెళ్తారు. పశ్చిమ గోదావరిలో మాధవరం లాంటి ఊళ్ళు సైన్యానికి తరతరాలుగా బిడ్డలను పంపుతున్నాయి. అలా పంపిన ఊళ్ళకు కాలో చెయ్యో పోగొట్టుకుని తిరిగి వచ్చిన మనిషికి ఊళ్ళో ఆడే చోటేది? మైదానం గేటు దగ్గర మెట్లుంటాయి, చక్రాల కుర్చీ ఎక్కదు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ "నీకెందుకు శ్రమ, కూర్చో" అంటారు. అలా కూర్చున్నవాడు కూర్చునే ఉండిపోతాడు.

ఈ విషయంలో అమెరికా చేసే ఒక పని గమనించదగినది. అక్కడ మాజీ సైనికుల శాఖ 1981 నుంచి చక్రాల కుర్చీ క్రీడోత్సవాలు జరుపుతోంది. అది కాక వికలాంగ మాజీ సైనికుల ఆటల కోసం స్థానిక సంస్థలకు, పురపాలక సంఘాలకు గ్రాంట్లు ఇస్తుంది. 2024లో ఆ మొత్తం సుమారు 1 కోటి 60 లక్షల డాలర్లు. అక్కడ డబ్బున్నది, మనకు లేదు అనుకోకండి. మనం నేర్చుకోవలసింది మొత్తం గురించి కాదు, దారి గురించి. మనిషిని రాజధానికి రమ్మనకుండా, డబ్బునే అతని ఊరి సంఘానికి పంపారు.

మనకు చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ ప్రకారం, వికలాంగులు ఆటల్లో పాల్గొనేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలి. మైదానాలు వారికి అనువుగా మార్చాలి, నిధులు కేటాయించాలి. చట్టం కాగితం మీద ఉంది. అడిగే నోరు కావాలి. అందుకని సంఘ సభ్యులకు మూడు మనవులు.

ఒకటి. మన మొహల్లాల్లో గాయపడి వచ్చిన మాజీ సైనికులు ఎవరున్నారో జాబితా రాయండి. ఏ మతంవాడని చూడకండి. వారిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడుండి తీసుకెళ్ళండి. రావలసిన సహాయాలు తెలియక చాలామంది నష్టపోతున్నారు.

రెండు. పట్టణ స్టేడియానికి వాలు దారి, వాడుకోదగిన మరుగుదొడ్డి కావాలని సంఘం తరఫున అర్జీ పెడదాం. అర్జీలో 30వ సెక్షన్ పేర్కొందాం.

మూడు. వచ్చే ఏడాది మన వార్షికోత్సవంలో పిల్లలకు పరుగు పందెం, ఆడవారికి చెంచా నిమ్మకాయ పెట్టినట్టే, కూర్చుని ఆడే ఒక పోటీ కూడా పెడదాం. క్యారమ్స్ కానివ్వండి, గుండు విసరడం కానివ్వండి. ఖర్చు పెద్దగా కాదు.

అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. ఇంట్లో అలాంటి కొడుకో భర్తో ఉంటే సేవ చెయ్యండి, కాని కదలనివ్వకుండా చెయ్యకండి. గుట్‌మన్ డాక్టరు మంచం మీదనుంచి లేపిన పని ఇంట్లో చెయ్యవలసింది మీరే.

దేశం కోసం దెబ్బ తిన్నవాడికి నెల నెలా పింఛను పంపి బాకీ తీరిందనుకుంటే కుదరదు. అతను మళ్ళీ నలుగురిలోకి వచ్చి, గెలిచో ఓడో, చెమట తుడుచుకుంటూ నవ్విన రోజున కొంత తీరుతుంది. ఆ రోజు కోసం సర్కారును అడుగుదాం, మన చేతనైంది మనం చేద్దాం.