సర్వీసు పుస్తకం లేనివారి మాటేమిటి?

(ఆత్మకూరు సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)



ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఇంట పుట్టిన మా దాదా నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో విశాఖపట్నంలో పనిచేశారు. విక్రాంత్‌ను వేటాడవచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి ఆ తీరం దగ్గరే మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. 4వ తేదీన దాని విమానాలు కాక్స్ బజార్‌పై దాడి చేశాయి. ఈ సంగతులు చెప్పేటప్పుడు దాదా తనను గురించి ఒక్క మాటా కలిపేవారు కారు. మేమే గుచ్చి గుచ్చి అడిగేవాళ్లం.

పదవీ విరమణ తర్వాత ఆత్మకూరులో స్థిరపడ్డారు. ఓటర్ల జాబితా పనిమీద వెళ్లినప్పుడు ఒక ఉద్యోగి, "మీరు ఇక్కడివారేనని రుజువేది?" అన్నాడు. దాదా సర్వీసు పుస్తకం బల్లమీద పెట్టారు. ఆ ఉద్యోగి లేచి నిలబడ్డాడు. మేము పొంగిపోయాం. దాదా మాత్రం బయటికి వచ్చాక, "గరిటెలు చెక్కే మన ఆడవాళ్లు ఆ బల్లమీద ఏం పెడతారు?" అన్నారు.

ఆనాటినుంచి వారి దరఖాస్తులు తానే రాసేవారు. భుజాన గుడ్డసంచి, ఉదయగిరి బస్సు, అదే ఆయన దినచర్య. వయోజనులకు ఓటుహక్కునిచ్చిన రాజ్యాంగం 326వ అధికరణంలో సైనికసేవ ప్రస్తావనే లేదని అందరికీ చెప్పేవారు.

ఆ సంచి ఇప్పుడు మా దగ్గరుంది. జవాబు రాని దరఖాస్తులు అందులో 11 ఉన్నాయి. సోమవారం వాటిని తీసుకొని వెళుతున్నాం. తోడు రాగలవారు సభ ముగిశాక పేర్లివ్వండి.