రెండు సీట్ల బేరం

(ఉపాధ్యాయ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాడలో బోరింగు చెడిపోయి నెల రోజులైంది, మీకు అమెరికా ఎన్నికల గొడవెందుకని ఇందాక ఒక పెద్దాయన అడిగాడు. అడగాల్సిన మాటే. మేం బడిపంతుళ్ళం. మా ఇళ్ళల్లో మొదట పలక పట్టినవాళ్ళం. ఎన్నికలొస్తే డ్యూటీ పడేదీ మాకే. ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగాం, బూతులో కూచుని వేళ్ళకు సిరా పూశాం. అందుకే ఏ దేశం ఎన్నిక గురించి చదివినా మా కన్ను ముందు ఆ జాబితా మీదికే పోతుంది. పేర్లు ఎవరు రాస్తున్నారు? ఎవరు కొట్టేస్తున్నారు?

మన పత్రికలు అమెరికా ఎన్నికలంటే బెలూన్లు, టీవీ వాదులాటలు, డాలర్ల విరాళాలు చూపిస్తాయి. జాబితా సంగతి చెప్పవు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఓటరుగా చేరడం ఎవరి బాధ్యత వాళ్ళదే. ఇంటికొచ్చి పేరు రాసుకునే పంతులు లేడు. పోలింగు మంగళవారం. దేశమంతటికీ సెలవూ లేదు. ఎక్కువ ఓట్లొచ్చినవాళ్ళే గెలవాలనీ లేదు. 2000లో గోర్‌కి బుష్ కంటే 5 లక్షలకు పైగా, 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చాయి. ఇద్దరూ ఓడిపోయారు. రాష్ట్రాలకు పంచిన 538 ఎలక్టొరల్ ఓట్లే అసలు లెక్క. 1787లో రాజ్యాంగం రాసినప్పుడు నల్ల బానిసకు ఓటు లేదు గానీ, యజమానుల రాష్ట్రాలకు బలం పెంచడానికి అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కగట్టారు. తలను లెక్కలో వేసుకుని నోరు మూయించే విద్య మనకు కొత్తేం కాదు.

ఈ కథంతా ఒక్క మనిషి బతుకులో కనబడుతుంది. ఆమె పేరు ఫానీ లూ హేమర్. మిసిసిపీ రాష్ట్రంలో 1917లో పుట్టింది. ఇరవై మంది పిల్లల్లో ఆఖరుది. ఆరేళ్ళ వయసు నుంచీ పత్తి ఏరింది. (పత్తి ఏరడమంటే ఏమిటో గుంటూరు, వరంగల్ నుంచి వచ్చినవాళ్ళకు మేం చెప్పనక్కర్లేదు.) నల్లవాడని ఓటు నిరాకరించకూడదని 1870లోనే రాజ్యాంగంలో రాశారు. 92 ఏళ్ళ తర్వాత, 1962 ఆగస్టు 31న, ఆమె మరో 17 మందితో బస్సెక్కి ఓటరుగా చేరడానికి ఇండియనోలా వెళ్ళింది. రిజిస్ట్రారు రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షన్ ఇచ్చి, ఇది ఎక్కించి రాయి, అర్థం చెప్పు అన్నాడు. తప్పింది. తెల్లవాళ్ళలో ఎందరు చదువురానివాళ్ళు ఆ పరీక్ష గట్టెక్కారో ఆ రిజిస్ట్రార్లకే తెలియాలి.

తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి డ్రైవరు మీద కేసు రాశారు. నేరమేమిటంటే బస్సు రంగు! స్కూలు బస్సులాగా మరీ పసుపుగా ఉందట. నవ్వకండి, జరిమానా కట్టించారు. ఇల్లు చేరేసరికి దొరకు కబురందింది. దరఖాస్తు వాపసు తీసుకో, లేదంటే పొలం వదిలిపో అన్నాడు. 18 ఏళ్ళు చాకిరీ చేసిన చోటును ఆ రాత్రే వదిలింది. మరుసటేడు జూన్‌లో వినోనా జైల్లో ఆమెను తోటి నల్ల ఖైదీల చేతికే లాఠీ ఇచ్చి కొట్టించారు. మూత్రపిండం దెబ్బతింది, కంటిచూపు తగ్గింది. మనవాడి చేత మనవాణ్ణి కొట్టించడం మన ఊళ్ళలోనూ చూశాం.

ఇక బేరం సంగతి. 1964లో డెమోక్రటిక్ పార్టీ మిసిసిపీ శాఖ తెల్లవాళ్ళదే. నల్లవాళ్ళను గడప తొక్కనివ్వలేదు. అప్పుడు వీళ్ళు ఫ్రీడం డెమోక్రటిక్ పార్టీ పెట్టుకుని, 60 మందికి పైగా ప్రతినిధులను ఎన్నుకుని, అట్లాంటిక్ సిటీ మహాసభకు పోయి మేమే అసలు ప్రతినిధులమన్నారు. ఆగస్టు 22న హేమరమ్మ కెమెరాల ముందు సాక్ష్యం చెబుతుంటే ప్రెసిడెంట్ జాన్సన్ హడావిడిగా విలేకర్లను పిలిచి కెమెరాలు తనవైపు తిప్పుకున్నాడు. అయినా ఆ రాత్రి టీవీలు ఆమె మాటలు వేశాయి.

జాన్సన్ శత్రువా? కాదు. ఆ జులైలోనే పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టినవాడు. మిత్రుడే. మిత్రుడు ఎంతవరకు వస్తాడన్నదే మేం చూడమనేది. దక్షిణాది తెల్ల ఓట్లు పోతాయని ఆయన భయం. అందుకని రెండు సీట్లిస్తామన్నారు. అవీ మిసిసిపీ పేరున కాదు. ఆ ఇద్దరెవరో కూడా పైవాళ్ళే తేల్చారు. ఒకరు నల్లవాడు, ఒకరు తెల్ల పాస్టరు. హేమర్ పేరు లేదు. పేరున్న నాయకులు కొందరు ఒప్పుకోమన్నారు. పత్తిచేలనుంచి వచ్చినవాళ్ళు ఒప్పుకోలేదు. రెండు సీట్ల కోసం ఇంత దూరం రాలేదని ఆమె మొహం మీదే చెప్పింది.

ఇది వింటే మనకు 1932 పూనా గుర్తు రాకుండా ఉంటుందా? మా ప్రతినిధిని మేమే ఎన్నుకుంటామని బాబాసాహెబ్ అడిగాడు. ముందు ప్రకటించిన 71 సీట్లు ఒడంబడికలో 148 అయ్యాయి, కానీ చివరి ఓటు అందరి చేతికీ పోయింది. సీట్లు పెరిగాయి, ఎన్నుకునే చెయ్యి మారింది. ఇవాళ రిజర్వుడు నియోజకవర్గం టికెట్టు ఎవరి వసారాలో ఖాయమవుతుందో మీకు తెలీదా?

అంత బేరమాడి జాన్సన్ ఏం సాధించాడు? నవంబరులో దేశంలో భారీగా గెలిచాడు, మిసిసిపీలో మాత్రం నూటికి 87 ఓట్లు అవతలి గోల్డ్‌వాటర్‌కే పడ్డాయి. కూలీని తోసేసినా దొర దక్కలేదు. 1965లో సెల్మా వంతెన దగ్గర జనం నెత్తురు కారాక ఓటుహక్కు చట్టం వచ్చింది. కేంద్రం మనుషులు దిగి పేర్లు రాసుకున్నారు. మిసిసిపీ నల్లవాళ్ళలో నూటికి ఏడుగురు కూడా లేని ఓటర్లు రెండేళ్ళలో అరవై దాకా వచ్చారు. జాబితా రాసే చెయ్యి మారితే అంత తేడా. 1968 మహాసభలో హేమరమ్మ ప్రతినిధిగా కూచుంది.

2013లో సుప్రీంకోర్టు ఆ చట్టం నడుం విరిచింది. పాత నేర చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఓటు నియమాలు మార్చాలంటే కేంద్రం అనుమతి కావాలన్న షరతు పనిచేయకుండా చేసింది. అదే రోజు టెక్సస్ తన గుర్తింపుకార్డు చట్టాన్ని అమలు చేస్తామంది. అందులో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, కాలేజీ విద్యార్థి కార్డు చెల్లదు. ఎవరి జేబులో ఏ కార్డుంటుందో చూసే రాశారు. 2021లో జార్జియా, పోలింగు లైన్లో నిలబడ్డవాళ్ళకు బయటివాళ్ళెవరూ మంచినీళ్ళు ఇవ్వకూడదని చట్టం చేసింది. నీళ్ళ మీద కూడా చట్టం!

2024లో మన పత్రికలు ఏం రాశాయి? ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరట, తెలుగింటి ఆడపడుచట. కమలా హారిస్ తల్లిది తమిళ అగ్రహారపు కుటుంబమట. తండ్రి జమైకా నల్లవాడన్నది ఒక్క వాక్యం. ఎవరు గెలిచినా మనవాళ్ళే అన్నారు. ఎవరి మనవాళ్ళు?

అమెరికాకు మనవాళ్ళు కులాన్ని కూడా సామానుతో తీసుకుపోయారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా చట్టసభ బిల్లు నెగ్గించింది. అక్కడి హిందూ సంఘాలు కొన్ని దాన్ని ఆపమని పట్టుబట్టాయి. అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. రిపబ్లికన్ కాదు, డెమోక్రాట్. ఉన్న చట్టాలే చాలన్నాడు. ఇండియనోలా రిజిస్ట్రారు ఆమె ముందు కాగితం పెట్టిన రోజునా చట్టం ఉంది, 92 ఏళ్ళుగా ఉంది.

జై భీమ్.