పాత చట్టములు – గనిలోని కంబములు



బొగ్గుగనిలో పనిచేసినవారు మన రామగుండము ప్రాంతపు పల్లెలలో పెక్కురు కలరు. వారి నడిగి చూడుడు. గనిలోని బొగ్గునంతయు నొక్కమారుగా త్రవ్వివేయరు. పైకప్పు కూలకుండుటకై నడుమ నడుమ బొగ్గు కంబములను విడిచెదరు. పిదప ఆ కంబములను తీయవలసివచ్చినచో అనుమతి పొంది, ఊతలు నిలిపి, వరుసక్రమమున తీసెదరు. తొందరపడినచో కప్పు పనివాని నెత్తిపైననే కూలును. పాత చట్టములను తొలగించుటయు నిట్టి పనియే.

బ్రిటను దేశము 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యను వీడెను. అంతవరకు అచ్చటినుండి వచ్చిన చట్టములు వేలకొలది ఆ దేశమున నిలిచియుండెను. కూలివాని జీతముతోడి సెలవులు, త్రాగునీటి శుభ్రత, ఆహారపదార్థముల పరీక్ష మున్నగునవి వానిపై ఆధారపడియుండెను. 2023 సంవత్సరాంతమునకు, ప్రత్యేకముగా నిలుపుకొన్నవి తప్ప, వానిలో పెక్కు తమంతతామే రద్దగునట్లు 1922 కాదు, 2022లోనే యొక బిల్లు తెచ్చిరి. ఏ చట్టమున ఏ రక్ష దాగియున్నదో లెక్కయైన తేలకముందే గడువు పెట్టుట ప్రమాదమని కార్మికసంఘములును న్యాయవాదులును మొరపెట్టిరి. తుదకు 2023 మే నెలలో ప్రభుత్వము వెనుకకు తగ్గి, రద్దగువాని పట్టికను సుమారు 600లకు కుదించెను.

మన పెద్దలు వేరు త్రోవ నెంచుకొనిరి. తెల్లవారి యేలుబడి పోయినను, మార్చువరకు పాత చట్టములు సాగునని రాజ్యాంగపు 372వ అధికరణమున వ్రాసిరి. 2014 జూన్ 2న తెలంగాణ యేర్పడినప్పుడును, పునర్విభజన చట్టము ఉమ్మడి రాష్ట్రపు చట్టములను నిలిపి, సవరించుకొనుటకు రెండేండ్ల వ్యవధి నిచ్చెను. పరులు చేసినదనుట చట్టమును పారవేయుటకు చాలిన కారణము కాదు. పనికిరాదని తేలినప్పుడే పారవేయవలెను.

గనుల చట్టము సంగతి చూతము. 1901లోను 1923లోను ఆంగ్లేయులు చేసినదానిని స్వతంత్ర భారతము 1952లో తిరిగి నిర్మించెను. భూగర్భమున దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయింపరాదనియు, ప్రమాదము పొంచియున్నచో పని నాపింప ఇన్‌స్పెక్టరునకు అధికారము కలదనియు అది విధించెను. ఈ చట్టముతో కూడ పదమూడింటిని కలిపి 2020లో వృత్తిభద్రతా సంహితను చేసిరి. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. ప్రతి పనివానికిని నియామకపత్ర మీయవలెననుట అందలి మేలు. కాంట్రాక్టు పనివారికి అది చిన్న మేలు కాదు. అయినను, తనిఖీ చేయవలసిన ఇన్‌స్పెక్టరునకు సలహాదారుని పాత్రయు కలిపినందున తనిఖీ సడలునేమో యని కార్మికసంఘములు శంకించుచున్నవి.

ఈ శంక ఊరక పుట్టినది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనివచ్చి 17 మంది ప్రాణములు గొనెను. నీరు నిలిచిన పాత పనుల చెంత 60 మీటర్లలోపల అనుమతిలేక త్రవ్వరాదను నియమము ఇట్టి చావులను ఆపుటకే కలదు. కాగితముపై అది యొక పంక్తి; గనిలో అది యొక గోడ.

కావున పెద్దలారా, చట్టము మారినదని వినినప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. పాత చట్టము ఎవరిని కాచుచుండెను? ఆ కాపు క్రొత్తదానియందు ఏ చోట నున్నది? క్రొత్త నియమములు సిద్ధమగువరకు ఏవి చెల్లును? జవాబు దొరకినచో క్రొత్తదానిని సంతోషముతో స్వీకరింపుడు. దొరకనిచో గ్రామసభలో లేచి యడుగుడు, సంఘమువారి నడుగుడు, శాసనసభ్యు నడుగుడు.

ఊత నిలిపిన పిదపనే కంబమును తీయవలెను. ఈ మాట గనిలో దిగినవానికి తెలియును. చట్టము చేయువానికి తెలుపవలసినవారము మనము.