ఆయన పేరు రాయొద్దక్కా



మొన్న శ్రావణమాసంలో ఒకనాటి మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని, పత్రిక చేతిలోకి తీసుకుని అలా నడుం వాల్చానో లేదో, మా వెనక వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి తలుపు తట్టింది. చేతిలో రెండు తెల్లకాగితాలు, ఒక కలం. వాళ్ళాయన పోలీసు జవాను. "అక్కా, ఒక అర్జీ రాసిస్తరా? మీ రాత మంచిగుంటది" అంది.

కూర్చోబెట్టి సంగతేమిటని అడిగాను. పెద్ద సంగతేం కాదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు వేములవాడలో తీయిస్తామని మొక్కుకున్నారట. మూడుసార్లు రోజు అనుకున్నారు. మొదటిసారి బోనాల బందోబస్తు, రెండోసారి వినాయక నిమజ్జనం, మూడోసారి ఎన్నికలు. బిడ్డకు నాలుగో ఏడు వచ్చింది, జుట్టు జడ వేసేంత పెరిగింది, మొక్కు అలాగే ఉంది. వారానికొక రోజు, ఏ రోజైనా సరే, సెలవు ఖాయంగా ఇప్పించమని పై అధికారికి అర్జీ.

సరేనని రాయడం మొదలుపెట్టి, "మీ ఆయన పేరూ, నంబరూ చెప్పమ్మా" అన్నాను. చప్పున నా చెయ్యి పట్టుకుంది. "ఆయన పేరు రాయొద్దక్కా. నా పేరు మీద రాయండి. ఈ అర్జీ సంగతి ఆయనకు తెల్వదని గూడ రాయండి" అంది.

చూశారూ! దొంగలను పట్టుకునే మనిషి, లాఠీ చేత పుచ్చుకుని జనాన్ని అదుపు చేసే మనిషి, నాకొక్క రోజు సెలవు కావాలని కాగితం మీద సంతకం పెట్టడానికి జంకుతున్నాడు. ఎందుకిలా అని ఆ రోజునుంచి కొంత చదివాను, తెలిసిన పెద్దలను కొంత అడిగాను. తెలుసుకున్నది మీతో చెప్పుకుందామని ఇవాళ ఇలా వచ్చాను.

బేరం మనకు కొత్త కాదు కదా! కూరల బండి దగ్గర ఒక్కరం అడిగితే తగ్గించని ధర, వీధిలో నలుగురం కలిసి అడిగితే తగ్గుతుంది. కార్మికులు చేసేదీ అదే. అందరి తరఫునా కొందరు యజమాని ఎదుట కూర్చుని జీతం, పనిగంటలు, సెలవులు మాట్లాడుకుని ఒప్పందం రాసుకుంటారు. దీన్నే ఉమ్మడి బేరసారాల హక్కు అంటారు. మిల్లు కార్మికులకూ, బ్యాంకు ఉద్యోగులకూ ఉన్న ఈ వెసులుబాటు పోలీసులకు లేదు.

మన రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. అయితే సైన్యం, పోలీసుల విషయంలో ఇలాంటి హక్కులను తగ్గించే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ ప్రకారం 1966లో పోలీసుల హక్కులను పరిమితం చేస్తూ ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ అనుమతి లేనిదే పోలీసు ఏ కార్మిక సంఘంలోనూ చేరరాదు. పత్రికలకు ఎక్కరాదు. తప్పితే రెండేళ్ళ దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. ఇందులో ఒక చిత్రముంది. సాహిత్యం, కళలు, శాస్త్రం గురించి మాత్రం రాసుకోవచ్చునట. అంటే జవాను వెన్నెల మీద కవిత రాసి పత్రికకు పంపవచ్చు గాని, రాత్రి డ్యూటీ మీద ఉత్తరం రాసి పంపరాదన్నమాట!

చట్టం చేసినవాళ్ళు ఊరికే చేయలేదు. మనం మన వైపునుంచే ఆలోచిద్దాం. అర్ధరాత్రి ఇంట్లో దొంగ పడ్డాడని ఫోను చేస్తే, "ఇవాళ సమ్మె అమ్మా" అంటే మన గతేమిటి? ఇల్లు అంటుకున్న వేళ ఫైరింజను రాకపోతే? అలాంటి రోజులను మన దేశం చూసింది కూడా. 1973లో ఉత్తరప్రదేశ్‌లో సాయుధ పోలీసులు తిరగబడితే సైన్యాన్ని దించారు. ప్రాణాలు పోయాయి, ముఖ్యమంత్రి కమలాపతి త్రిపాఠీ గద్దె దిగవలసి వచ్చింది. 1979లో పంజాబులో మొదలైన పోలీసుల ఆందోళన ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 1982 ఆగస్టులో బొంబాయి పోలీసులు సమ్మెకు దిగితే అక్కడా సైన్యాన్నే పిలవవలసి వచ్చింది. ఢిల్లీ పోలీసు సంఘం వారు సుప్రీంకోర్టుకు వెళితే, 1966 చట్టం చెల్లుతుందనే 1986లో తీర్పు వచ్చింది.

కనుక సమ్మె వద్దంటే నేనూ సరేనంటాను. మీరూ అంటారు. అయితే ఒకరి నోటికి తాళం వేశాక, వాళ్ళ కష్టం అడిగి తెలుసుకునే బాధ్యత తాళం వేసినవాళ్ళది కాదా? కోడల్ని "ఎదురు చెప్పకు" అన్న అత్తగారు, ఆ పిల్ల అన్నం తిన్నదో లేదో తనే చూసుకోవాలి కదా!

ఇక్కడే మనం వెనకబడ్డాం. ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషన్ 1979 ఫిబ్రవరిలో ఇచ్చిన మొదటి నివేదికలోనే జవాన్ల పనిగంటల గురించీ, ఇళ్ళ గురించీ, అధికారుల ఇళ్ళలో చాకిరీ చేయించుకునే ఆర్డర్లీ పద్ధతి గురించీ వివరంగా రాసింది. సరిగ్గా నలభై ఏళ్ళకు, 2019లో, కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు దేశంలో పోలీసు వ్యవస్థ మీద ఒక అధ్యయనం వెలువరించాయి. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పని చేస్తున్నారనీ, ఇద్దరిలో ఒకరికి వారపు సెలవే లేదనీ అందులో తేలింది. నలభై ఏళ్ళంటే ఆ రోజు చేరిన జవాను పదవీ విరమణ కూడా చేసేసి ఉంటాడు.

సమ్మె లేకుండా మాట వినే మార్గం లేదా అంటే, ఉంది. ఇంగ్లండులో 1918లో, 1919లో పోలీసులు సమ్మె చేశారు. రెండోసారి చేసినవాళ్ళందరినీ ఉద్యోగాలనుంచి తీసేశారు. 1919 చట్టం వాళ్ళ యూనియన్‌ను నిషేధించింది. కాని అదే చట్టం పోలీసు ఫెడరేషన్ అనే సంస్థను ఏర్పాటు చేసి, మీ కష్టసుఖాలు దీని ద్వారా చెప్పుకోండి అన్నది. జీతాలూ పెంచారు. ఒక చేత్తో తీసుకుని రెండో చేత్తో ఇచ్చారన్నమాట. కెనడాలో దేశమంతటా పని చేసే మౌంటెడ్ పోలీసులకు తమకు నచ్చిన సంఘం ద్వారా బేరమాడే హక్కు లేకపోవడం తప్పని అక్కడి సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. తరవాత వచ్చిన చట్టం సంఘానికీ ఒప్పందానికీ దారి ఇచ్చింది, సమ్మెను మాత్రం ఒప్పుకోలేదు. మాటలు తెగకపోతే మధ్యవర్తి తీర్పు చెబుతాడు, ఇద్దరూ దానికి కట్టుబడాలి. వాళ్ళ మొదటి ఒప్పందం 2021లో కుదిరింది.

మన రెండు రాష్ట్రాలలోనూ పోలీసు అధికారుల సంఘాలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. అవి అనుమతి మీద నడిచేవి. వినతిపత్రం ఇవ్వగలవు గాని, ఎదురుగా కూర్చుని ఒప్పందం రాయించుకోలేవు. ఈ రెంటికీ తేడా ఏమిటంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వారానికొక సెలవు ప్రకటించారు. ఎంతో మంచి మాట. కాని ఉత్తర్వుతో వచ్చినది ఇచ్చినవారి దయ మీద నిలుస్తుంది, ఒప్పందంతో వచ్చినది పుచ్చుకున్నవారి హక్కుగా నిలుస్తుంది. పండక్కి పనిమనిషికి చీర పెట్టడం వేరు, ప్రతినెలా ఒకటో తారీకున జీతం ఇవ్వడం వేరు కదండీ!

మగవాడి నోరు కట్టేస్తే ఆ మాట ఎవరి నోట వస్తుందో 2024 అక్టోబరులో తెలంగాణలో చూశాం. ప్రత్యేక పోలీసు బెటాలియన్ల జవాన్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. సెలవుల పద్ధతి మార్చవద్దనీ, ఏక్ పోలీస్ విధానం తెచ్చి తమ భర్తలను ఊరూరా తిప్పడం మానమనీ అడిగారు. బెటాలియన్లలో జవాన్లూ నిరసన తెలిపారు. ఆ నెలాఖరులోపల 39 మందిని సస్పెండు చేశారు, 10 మందిని ఉద్యోగంనుంచే తీసేశారు. క్రమశిక్షణ అవసరం కాదనను. కాని ఆ ఇల్లాళ్ళు రోడ్డెక్కక ముందే వాళ్ళ మాట వినే గది ఒకటి ఎక్కడైనా ఉండి ఉంటే!

ఇందులో ఇంకో సంగతీ దాచకుండా చెప్పుకోవాలి. అమెరికాలో పోలీసు సంఘాలు బలపడి, జనాన్ని హింసించినవారిని కూడా శిక్ష పడకుండా వెనకేసుకొస్తున్నాయన్న విమర్శ గట్టిగా ఉంది. 2020లో మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మరణించాక అది మరీ పెరిగింది. కాబట్టి బేరం జీతానికీ, పనిగంటలకూ, సెలవుకూ పరిమితం కావాలి. కొట్టినవాణ్ణి కాపాడుకోవడానికి కాదు. ఆ గీత చట్టంలోనే గీయవచ్చు. అయినా పధ్నాలుగు గంటలు నిలబడ్డ మనిషి స్టేషనుకొచ్చిన ఆడదానితో నెమ్మదిగా ఎలా మాట్లాడతాడో మీరే ఆలోచించండి. ఆయన సెలవులో మన క్షేమం కూడా ఉందమ్మా.

అన్నట్టు, ఆ అర్జీ రాసి ఇచ్చాను. కింద ఆ అమ్మాయి పొందికగా తన పేరు రాసింది. రాసి, "దీనితోని ఆయనకేమన్న అయితదా అక్కా?" అని అడిగింది. ఏమీ కాదని ధైర్యంగా చెప్పలేకపోయాను. "పంపే ముందు ఇంకోసారి ఆలోచించుకో" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మనసు నాకు బాగుండదు. న్యాయమైన మాట రాసి ఇచ్చి, దాన్ని పంపడానికి భయపడమని చెప్పినట్టయింది.

ఇవాళ పొద్దున పెరట్లో ఆ పిల్లకు తల్లి రెండు జడలు వేస్తూ కనిపించింది. మొక్కు ఇంకా తీరలేదు.

మనకు ఓటుంది, నోరుంది, అడిగితే సస్పెండు చేసేవారు లేరు. ఈసారి మీ ఊరి శాసనసభ్యుడు గడప తొక్కినప్పుడు, మంచినీళ్ళ సంగతీ రోడ్ల సంగతీ అడిగాక, ఇది కూడా అడగండి. "మమ్మల్ని కాపాడే మనిషి తన పేరు రాసుకుని అర్జీ పెట్టుకునే చోటు ఎక్కడైనా ఉందా బాబూ?" అని.



(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)