పొట్ట వెనక దాగే జబ్బు

నేను డాక్టరుని కాను, ఇంజనీరుని. మా అన్నయ్యకు 56వ ఏట కొత్తగా షుగరు వచ్చింది. బరువు తగ్గాడు. షుగరు వల్లే అనుకున్నాం. తర్వాత నొప్పి లేకుండా కామెర్లు వచ్చాయి. నేల ఉసిరి పసరు తాగించాం. అప్పటికే క్లోమంలో క్యాన్సర్ ముదిరింది.

క్లోమం జీర్ణాశయం వెనక ఉంటుంది. గ్యాస్ అడ్డొస్తే మామూలు అల్ట్రాసౌండ్‌లో సరిగా కనబడదు. నరానికి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ కావాలి. అవసరమైతే నోటి గుండా గొట్టం పంపి, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. సీఏ 19-9 రక్తపరీక్ష ఒక్కటే చాలదు. కామెర్లలోనూ అది పెరగవచ్చు.

మా బ్యాచ్ అంతా యాభై దాటాం. బరువు తగ్గుతూ కొత్తగా షుగరు వచ్చినా, కామెర్లు కనబడినా వెంటనే డాక్టర్ని అడగండి. మేం ఆలస్యంగా అడిగాం.