మెత్తని సీటు నొప్పి ఎందుకు పెడుతుంది?

హైదరాబాదు నుంచి విజయవాడకు, అంటే సుమారు 270 కిలోమీటర్లు, మోటారుసైకిల్ మీద వెళ్లినవారికి రెండో గంట దాటాక మొదలయ్యే బాధ తెలిసే ఉంటుంది. అలాంటివారిలో కొందరు బండితో వచ్చిన సీటు తీసేసి బజారులో వేరేది కొంటారు. దుకాణంలో బొటనవేలితో నొక్కి, ఏది ఎక్కువ దిగబడితే దాన్ని ఎంచుకుంటారు. ఈ పరీక్ష మనల్ని మోసం చేస్తుంది. ఎలాగో చూద్దాం.

బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని మీరు చదువుకున్నారు. సీటు మీద 50 కిలోల భారం పడుతోందనుకోండి. బలం సుమారు 500 న్యూటన్లు. అది 500 చదరపు సెంటీమీటర్ల మేర పరచుకుంటే పీడనం 10,000 పాస్కల్‌లు. ఫోమ్ మరీ మెత్తనిదైతే కూర్చోగానే అడుగు పలక దాకా అణగిపోతుంది. అప్పుడు భారమంతా పిరుదుల కింద ఉండే రెండు ఆసనాస్థుల చుట్టూ, 100 చదరపు సెంటీమీటర్లలోకి కుదించుకుపోయిందనుకుంటే, పీడనం అయిదు రెట్లవుతుంది. మన రక్తకేశనాళికల్లో పీడనం దాదాపు 4,000 పాస్కల్‌లే. బయటి ఒత్తిడి దాన్ని మించి చాలాసేపు కొనసాగితే అక్కడ రక్తప్రసరణ మందగిస్తుంది. తిమ్మిరి, మంట, నొప్పి వరుసగా వస్తాయి.

ఒక సంగతి గమనించారా? మంచి సీటుకు మనం వేసిన లెక్క కూడా 4,000 దాటింది. కాబట్టి ఎంత ఖరీదైన సీటు వేయించినా గంటకోసారి దిగి నాలుగడుగులు నడవక తప్పదు. అమ్మేవాళ్లు ఈ మాట సాధారణంగా చెప్పరు.

ఇక ఎంపిక. ఆసనాస్థుల మధ్య దూరం చాలామందిలో 10 నుంచి 14 సెంటీమీటర్లు. సీటు వెనుక భాగం ఆ రెండింటినీ పూర్తిగా మోసేంత వెడల్పుండాలి. ముందు భాగం మాత్రం సన్నగా ఉండాలి, లేకపోతే కాళ్లు నేలకు అందవు. సీటు ముందుకు వాలి ఉంటే మనిషి ట్యాంకు మీదికి జారుతూనే ఉంటాడు. ఫోమ్ విషయంలో సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత తక్కువైన ఫోమ్ కొత్తలో గట్టిగానే అనిపించినా త్వరగా కుంగిపోతుంది.

సీటుపై పరిచే గాలి దిండ్లూ ఉన్నాయి. వాటి గదుల మధ్య గాలి కదులుతూ ఒత్తిడిని సర్దుతుంది. నిండుగా ఊదితే మాత్రం బంతి మీద కూర్చున్నట్టే. లడఖ్ వెళ్లేవారికి ఇందులో ఒక తమాషా ఉంది. మైదానంలో సరిగ్గా నింపిన దిండు సుమారు 5,300 మీటర్ల ఎత్తున్న ఖర్దుంగ్ లా చేరేసరికి ఉబ్బి బిగుసుకుంటుంది. అక్కడ వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి దాదాపు సగమే. కొంచెం గాలి వదిలేస్తే సరిపోతుంది.

వెనుక కూర్చునేవారినీ మరవకండి. వారికి గట్టిగా బిగించిన సీటు ఉండాలని మోటారు వాహనాల చట్టం, 1988లోని 128వ సెక్షన్ చెబుతోంది. కొత్త సీటుతో చేతిపట్టు ఊడిపోకుండా చూసుకోండి.

కొనేముందు సీటును మీ బండికే బిగించమనండి. ప్రయాణంలో వేసుకునే బట్టలతో, చేతులు హ్యాండిల్‌పై ఉంచి, కనీసం అరగంట కూర్చోండి. మొదటి అయిదు నిమిషాల్లో అన్ని సీట్లూ బాగానే ఉంటాయి.