పాడిపశువులకు ముద్దచర్మ వ్యాధి

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీటితో పండెడి చెరుకుపల్లి, రేపల్లె ప్రాంతములలో వరిచేలతోపాటు పాడియు రైతునకు జీవనాధారమగుటచే, పశువులకు సోకెడి మశూచి జాతి వ్యాధులను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ వ్యాధులను కలిగించునవి డి.ఎన్.ఏ.ను జన్యుపదార్థముగా గల వైరస్సులు. వానిలో ఒకటి కోళ్ళ జుట్టుపై పొక్కులు లేపును. ఒకటి గొర్రెలకు బొబ్బరోగము తెచ్చును. దానికి దాయాదియైన మరియొకటి గోజాతికి ముద్దచర్మ వ్యాధిని కలిగించును. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట కనబడిన ఈ వ్యాధి, 2019లో మన పొరుగున ఒడిశాలో పొడసూపి, 2022లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలో వేలకొలది ఆవులను బలిగొనినది.

తీవ్రజ్వరముతో మేత మానివేసిన ఆవునకు మెడపై, పొదుగుపై చేతికి గట్టిగా తగిలెడి గుండ్రని గడ్డలు లేచి, పాలు తగ్గిపోవును. దోమలు, జోరీగలు, పిడుదులు దీనిని వ్యాపింపజేయును. ఎండి రాలిన పెచ్చులలో సైతము వైరస్సు నెలదినములు జీవింపగలదు. దీనికి సూటియైన మందు లేదు. వైద్యమంతయు జ్వరము తగ్గించుటకు, పుండ్లు చీము పట్టకుండ కాచుటకే. అయితే సజాతీయమగు మేకల మశూచి టీకా ఆవులకును రక్షణ నిచ్చును. ఈ వ్యాధి మనుష్యులకు సోకదు. పాలను కాచి త్రాగవచ్చును.

కావున రైతు సోదరులారా, జబ్బుపడిన పశువును మందనుండి వేరుపరచి, గొడ్లచావిడిలో మురుగు నిలువనీయక, పశువైద్యునకు వెంటనే తెలిపి, ఆరోగ్యముగా నున్న పశువులకు ముందుగనే టీకా వేయింపుడు.